క్యాలెండరు మీద మనసు లెక్క

వంటింటి గోడకు క్యాలెండరు ఉంటుంది. దాని మీద ఎన్నో లెక్కలు ఉంటాయి. పాలు పోసిన రోజు ఒక గీత. పోయని రోజు సున్నా. గ్యాసు బండ వచ్చిన తేదీ చుట్టూ ఒక గుండ్రం. పొదుపు సంఘానికి డబ్బు కట్టే రోజుకు ఒక టిక్కు. నెలాఖరున పాలవాడు వచ్చి "ముప్పై లీటర్లమ్మా" అంటే ఇల్లాలు ఊరుకోదు. క్యాలెండరు చూస్తుంది. "కాదు, ఇరవై ఏడే" అంటుంది. పాలవాడు తల గోక్కుంటాడు.

పాలకు లెక్క ఉంది. మరి మనసుకు?

మనసుకు లెక్కేంటి అని నవ్వు రావచ్చు. కానీ మనసుకు జబ్బు చేసినప్పుడు ఇట్లాంటి లెక్కే వైద్యానికి దారి చూపిస్తుంది. ఏ మందు పని చేస్తోంది, ఏది చెయ్యడం లేదు, ఎప్పుడు మోతాదు పెంచాలి, మందుతో తీరని బాధ ఏది. ఇవన్నీ ఆ లెక్కలో కనబడతాయి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. అంకెలు తెలిస్తే చాలు. నాలుగు మాటలు రాయగలిగితే ఇంకా మంచిది.

పెద్దకోడలి సంగతి

ఒక ఊరు అనుకుందాం. గోదావరి కాలవ కింద ఊరు. ఆ ఊళ్లో ఒక ఇంటికి పెద్దకోడలు. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. కొడుకు అయిదో తరగతి, కూతురు రెండో తరగతి. ఊడ్పులకు, కోతలకు పోతుంది. రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. సంఘం పుస్తకంలో సంతకం పెడుతుంది.

ఒక ఏడాది దసరా వెళ్లాక ఆమెకు ఏదో అయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఇక నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఒళ్లంతా లాగుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది. ఎందుకో తెలియకుండానే ఏడుపు వస్తుంది. అత్త "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించింది. ఊళ్లో డాక్టరు "నీరసం" అని సెలైను పెట్టి, బలానికి ఇంజెక్షను వేశాడు. డబ్బు ఖర్చయింది. బాధ అట్లాగే ఉంది.

చివరకు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మానసిక వైద్యురాలు చూసింది. ఆ రోజు బయట చాలామంది కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు.

"ఎట్లా ఉందమ్మా?"

"ఏం బాగోలేదండీ."

"వారంలో ఎన్ని రోజులు నిద్ర పట్టడం లేదు?"

పెద్దకోడలు ఆలోచించింది. చెప్పలేకపోయింది. పక్కన అత్త కూర్చుని ఉంది. ఇంకా చెప్పలేకపోయింది.

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషికి ఇట్లాంటి నీరసమే వస్తుంది. అవి లేవని తేలింది. ఇది మనసు కుంగిపోయే జబ్బు అని చెప్పి మాత్రలు ఇచ్చింది. నెల తర్వాత రమ్మంది.

మాత్ర వేసుకున్న రెండో రోజు నుంచి వికారం. తలనొప్పి. బాధ మాత్రం ఇసుమంత తగ్గలేదు. పదో రోజున పెద్దకోడలు మాత్రలు ఆపేసింది. "మందు పడలేదు" అనుకుంది. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. మిగిలిన మాత్రలు డబ్బాలో అట్లాగే ఉన్నాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ మాత్రల తీరే అంత. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు వెనక వస్తుంది. వికారం లాంటివి చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. మనసు తేలిక పడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదో రోజు అంటే ఇబ్బంది కనబడే రోజు. మేలు ఇంకా కనబడని రోజు. ఆ రోజు ఆపేసిన మనిషికి చేదు ఒక్కటే మిగులుతుంది.

మాట కన్నా లెక్క ఎందుకు?

మనిషి జ్ఞాపకం పాలవాడి లాంటిదే. ఉన్నది ఉన్నట్టు చెప్పదు. ఆసుపత్రికి వచ్చే బస్సులో ఎవరితోనో మాటామాటా అయిందంటే నెలంతా చెడ్డగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ ఉదయం కూతురు నవ్వుతూ ఎదురొస్తే "బానే ఉందండీ" అనేస్తుంది. మనసు కుంగినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆ జబ్బే మంచి రోజుల్ని మరిపిస్తుంది. నెలలో ఆరు రోజులు బాగున్నా, ఆ ఆరు గుర్తు రావు. డాక్టరు ముందు కూర్చున్న మనిషి ఆ రోజు మాటే చెబుతుంది. డాక్టరు ఆ మాట నమ్మి మందు మారుస్తాడు, లేదా మార్చడు. రెండూ పొరపాటు కావచ్చు.

చైనా దేశంలో బీజింగ్ నగరంలో ఈ సంగతిని పరీక్షించి చూశారు. 2015లో ఆ ఫలితం అచ్చయింది. మనసు కుంగిన రోగులు 120 మందిని తీసుకున్నారు. వాళ్లను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి డాక్టర్లు మామూలుగా, తమ అనుభవాన్ని బట్టి వైద్యం చేశారు. రెండో వర్గంలో ప్రతిసారీ ప్రశ్నల కాగితం మీద బాధను కొలిచి, ఆ అంకెను బట్టి మోతాదు పెంచారు. రెండు వర్గాలకూ వాడినవి అవే రెండు రకాల మందులు. 24 వారాలు గడిచాయి. మామూలు వైద్యం జరిగిన వర్గంలో జబ్బు దాదాపు పూర్తిగా తగ్గినవాళ్లు నూటికి 29 మంది. కొలత చూసి వైద్యం చేసిన వర్గంలో నూటికి 74 మంది.

కొత్త మందు ఏమీ రాలేదు. లెక్క ఒక్కటే కొత్త.

అది ఒక్క నగరంలో జరిగిన చిన్న పరీక్షే. అన్ని చోట్లా అంత తేడా కనబడుతుందని చెప్పడానికి లేదు. అయినా సంగతి అర్థం అవుతూనే ఉంది. కొలిచి చూస్తే, మందు పని చెయ్యడం లేదని తొందరగా తెలుస్తుంది. తొందరగా తెలిస్తే తొందరగా మారుస్తారు. కొలవకపోతే "ఇంకో నెల చూద్దాం" అంటూ నెలలు పోతాయి.

తొమ్మిది ప్రశ్నలు

పెద్దకోడలు మాత్రలు ఆపిన కొన్నాళ్లకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. గుమ్మంలో కూర్చుని ఒక కాగితం తీసింది. దాని మీద తొమ్మిది ప్రశ్నలు ఉన్నాయి. ఈ ప్రశ్నల్ని అమెరికాలో తయారు చేశారు. 1999 నుంచి ఇప్పటిదాకా ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో వాడుతున్నారు. తెలుగులో కూడా అడుగుతున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఒక పరిశోధన చేసింది. ఆశా కార్యకర్తలు పలక లాంటి చిన్న కంప్యూటరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. ఈ ప్రశ్నలే అడిగారు. బాధ ఎక్కువున్నవాళ్లను ఆరోగ్య కేంద్రానికి పంపారు.

ప్రశ్నలు కష్టమైనవి కావు. గడిచిన రెండు వారాల సంగతి చెప్పాలి. పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా ఉంటోందా? నిద్ర తక్కువైందా, లేదా మరీ ఎక్కువైందా? ఒంట్లో ఓపిక లేదా? అన్నం సయించడం లేదా, లేదా అతిగా తింటున్నారా? "నేను పనికిరానిదాన్ని" అనిపిస్తోందా? ఒక పని మీద మనసు నిలవడం లేదా? మాట, నడక మందగించాయా, లేదా కుదురుగా కూర్చోలేకపోతున్నారా? చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా?

ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులు. అస్సలు లేదంటే 0. కొన్ని రోజులు ఉంటే 1. సగం రోజుల కన్నా ఎక్కువ ఉంటే 2. దాదాపు రోజూ ఉంటే 3. అన్నీ కూడితే ఎక్కువలో ఎక్కువ 27 వస్తుంది. 5 లోపు ఉంటే బాధ లేనట్టే. 10 దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. 20 దాటితే జబ్బు బాగా ముదిరినట్టు. అంకె ఒక్కటే చూసి జబ్బు తేల్చకూడదు. అది డాక్టరు పని. కానీ పోయిన నెల అంకెకూ ఈ నెల అంకెకూ తేడా చూడటానికి ఇంతకన్నా సులువైన కొలత లేదు.

ఆఖరి ప్రశ్న దగ్గర పెద్దకోడలు తల వంచుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "అప్పుడప్పుడు అనిపిస్తది వదినా" అంది.

ఆశా వదిన కంగారు పడలేదు, తిట్టలేదు. "పిల్లల్ని చూసి అట్లా అనుకోకూడదు" అని నీతులు చెప్పలేదు. "ఏదైనా చేసుకోవాలని ఆలోచన చేశావా?" అని సూటిగా అడిగింది. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందువల్ల మనిషికి గుండె బరువు దిగుతుంది. అటక మీద పురుగుమందు డబ్బా ఉందని తెలిసి, ఇంటాయనతో చెప్పి ఆ పూటే దాన్ని ఇంట్లోంచి తీయించింది. రాత్రికి తోడు పడుకోమని ఆడపడుచుకు చెప్పింది. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళతానంది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నెల లెక్క, వారం లెక్క లేదు. సున్నా కాకపోతే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ఎవరూ దొరకకపోతే ఫోన్ ఉంది. 14416 నంబరు. టెలీ మానస్ అంటారు. 2022లో ప్రభుత్వం పెట్టింది. రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు.

పెద్దకోడలి మొత్తం 17 వచ్చింది.

రోలు, జడ, మెలకువ

తొమ్మిది ప్రశ్నలు అందరికీ ఒకటే. కానీ బాధ అందరికీ ఒకటి కాదు. ఒకామెకు గుండె దడ. ఒకామెకు తలలో మంట. ఇంకొకామెకు పిల్లల మీద పట్టలేని కోపం. మన ఊళ్లలో చాలామంది "నాకు దిగులుగా ఉంది" అనరు. "ఒళ్లు లాగుతోంది" అంటారు. "ఆలోచనలు ఎక్కువయ్యాయి" అంటారు. ఆఫ్రికాలో జింబాబ్వే దేశంలో కూడా ఇదే మాట ఉంది. అక్కడి భాషలో "కుఫుంగిసిసా" అంటారు. ఆలోచనలు ఎక్కువ కావడం అని అర్థం. అక్కడ 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 14 మంది బామ్మలకు తర్ఫీదు ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో బల్ల వేసి కూర్చోబెట్టాడు. ఆ బామ్మలు వచ్చినవాళ్లను 14 ప్రశ్నలు అడుగుతారు. అందులో మొదటి నుంచీ జనం మాటలే ఉన్నాయి. పుస్తకంలో మాటలు కావు.

అందుకని సొంత గుర్తులు పెట్టుకోవాలి. ఎవరి బాధకు వాళ్ల గుర్తు.

ఆశా వదిన అడిగింది. "అన్నిటికన్నా నిన్ను ఎక్కువ బాధ పెట్టేది ఏంటి?"

పెద్దకోడలు చెప్పింది. "మూడింటికే మెలకువ వస్తది. గుండె మీద రోలు పెట్టినట్టు ఉంటది. ఇంకోటుంది. నవ్వుతావేమో. చిన్నదానికి జడ వెయ్యలేకపోతున్నా. దువ్వెన పట్టుకుంటే చేతులు రావు. పక్కింటామె వేస్తోంది."

ఆశా వదిన నవ్వలేదు. కొడుకు పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు తీసింది. మూడు మాటలు రాయించింది. మెలకువ. రోలు. జడ.

మెలకువ అంటే ఎన్ని గంటలకు వచ్చిందో ఆ అంకె. రోలు అంటే గుండె బరువు. సున్నా నుంచి పది దాకా. సున్నా అంటే రోలు లేదు. పది అంటే రోలూ రోకలీ రెండూ ఉన్నట్టు. జడ అంటే ఆ రోజు కూతురికి జడ వేసిందా, లేదా. వేస్తే టిక్కు. లేకపోతే గీత. పక్కన ఖాళీ ఉంచింది. మాత్ర వేసుకున్నదీ లేనిదీ, వికారం, నెలసరి, ఇంట్లో గొడవ, ఏదన్నా అక్కడ ఒక్క ముక్క రాయాలి. రాత్రి పడుకోబోయే ముందు రాయాలి. రెండు నిమిషాల పని. మూడు గుర్తులు చాలు. పది పెట్టుకుంటే నాలుగో రోజున పుస్తకం మూలన పడుతుంది.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ 17 అంకె చూసింది. చావు ఆలోచన గురించి విడిగా, అత్తను బయట కూర్చోబెట్టి మాట్లాడింది. మాత్ర మళ్లీ మొదలు పెట్టింది. ఈసారి కాస్త అన్నం తిన్నాక వేసుకోమంది. "మొదటి రెండు వారాలు చేదుగానే ఉంటదమ్మా. పుస్తకంలో రాసుకో, ఆపొద్దు" అంది.

పుస్తకంలో మొదటి వారం ఇట్లా ఉంది.

సోమవారం. మెలకువ 3. రోలు 8. జడ లేదు. వికారం.
మంగళవారం. మెలకువ 3. రోలు 9. జడ లేదు. అన్నం దిగలేదు.
బుధవారం. మెలకువ 3న్నర. రోలు 8. జడ లేదు. వికారం.
గురువారం. రాయలేదు.
శుక్రవారం. మెలకువ 3. రోలు 8. జడ లేదు. వికారం తక్కువ.

కొడుకు పుస్తకం తిరగేసి "అమ్మకు తొమ్మిది మార్కులు వచ్చాయి!" అని అరిచాడు. ఆ పొరపాటు పెద్దవాళ్లకూ జరుగుతుంది. ఇది పరీక్ష కాదు. ఇక్కడ ఎక్కువ వస్తే బాధ ఎక్కువ. డాక్టరు మెచ్చుకోవాలని తక్కువ వేసుకోకూడదు. జాలి పడాలని ఎక్కువ వేసుకోకూడదు. గురువారం రాయకపోతే కొంప మునగదు. శుక్రవారం కూర్చుని గురువారానిది ఊహించి రాయడం మాత్రం తప్పు.

లెక్క ఏం చెప్పింది?

రెండో వారంలో రోలు 8 దగ్గరే ఉంది. పెద్దకోడలు మళ్లీ "ఏం తగ్గలేదు" అంది. ఆశా వదిన పుస్తకం ముందుకు పెట్టింది. "మెలకువ చూడు" అంది. మూడు గంటలు నాలుగున్నర అయింది. వికారం అనే మాట ఎక్కడా లేదు. పెద్దకోడలు ఆ అంకెల్ని వేలితో తడుముతూ రెండుసార్లు చదువుకుంది. తన చేతి రాతే. ఎవరో చెప్పిన మాట కాదు. ఆ రాత్రి మాత్ర వేసుకుంది.

చాలామందికి ముందు నిద్ర, ఆకలి కుదురుతాయి. మనసు తర్వాత కుదురుతుంది. పుస్తకం లేకపోతే ఈ చిన్న మార్పు కంటికి ఆనదు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఒంట్లో ఓపిక వచ్చి, మనసు ఇంకా తేరుకోని రోజుల్లో చావు ఆలోచన ముదరవచ్చు. ఇంట్లోవాళ్లు ఆ రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలి.

నాలుగు వారాలకు డాక్టరమ్మ మళ్లీ తొమ్మిది ప్రశ్నలు అడిగింది. 13 వచ్చింది. పుస్తకం తిప్పింది. రోలు 6, 7 మధ్య ఆగిపోయింది. జడ టిక్కులు వారానికి రెండు. "మందు పని చేస్తోంది. సరిపోవడం లేదు" అని మోతాదు పెంచింది. ఈ మాట చెప్పడానికి ఆమెకు మూడు నిమిషాలు పట్టింది. మిగతా రెండు నిమిషాలు ఇంకో సంగతి మాట్లాడటానికి మిగిలాయి.

ఆ సంగతి శనివారం. నాలుగు శనివారాలూ రోలు 9 ఉంది. మధ్యలో మంగళవారాలు మాత్రం 4, 5. పెద్దకోడలికే తెలియదు. రాసినప్పుడు గమనించలేదు. కాగితం మీద వరసగా చూస్తేనే తెలిసింది. శనివారం కూలి డబ్బు చేతికి వస్తుంది. ఆ రాత్రి ఇంటాయన తాగి వస్తాడు. మంగళవారం సంఘం మీటింగు. ఆ రోజు నలుగురిలో కూర్చుని మాట్లాడి వస్తుంది.

శనివారం బాధకు మాత్ర లేదు. ఎంత మోతాదు పెంచినా ఇంటాయన తాగుడు తగ్గదు. డాక్టరమ్మ ఆయన్ని కూడా తీసుకురమ్మంది. తాగుడుకూ వైద్యం ఉంది. కొట్టడం దాకా వస్తే మహిళల ఫోన్ 181 ఉందని చెప్పింది. వెంటనే అంతా సర్దుకుందా అంటే లేదు. ఆయన రెండు నెలలు రాలేదు. కానీ ఏది జబ్బు, ఏది ఇంటి బాధ అనేది విడిపోయింది. అంతకు ముందు రెండూ కలిసి "నా ఖర్మ" అయి కూర్చున్నాయి.

మంగళవారం చెప్పింది ఇంకో సంగతి. మనసు బాగైతే బయటికి పోదాం అని కూర్చుంటే మనసు బాగవదు. ముందు కాలు కదలాలి, మనసు వెనక కదులుతుంది. అందుకని వారానికి ఇంకో రెండు రోజులు పక్కింటామెతో కలిసి బయటికి వెళ్లాలని రాసుకున్నారు. ఇది కూడా వైద్యమే. మాటలతో, పనులతో చేసే వైద్యం. దీనికీ అంకె చూస్తారు. కుదిరితే పెంచుతారు. కుదరకపోతే మారుస్తారు.

వేరే బాధలకు వేరే గుర్తులు

కొందరికి దిగులు ఒక్కటే కాదు, దానికి పూర్తిగా ఎదురు రోజులు కూడా వస్తాయి. రాత్రికి రెండు గంటలు పడుకున్నా అలసట ఉండదు. గలగలా మాట్లాడతారు. అప్పు చేసి చీరలు కొంటారు. ఇంట్లోవాళ్లు "హుషారుగా ఉంది" అని సంతోషిస్తారు. ఆసుపత్రిలో ఆ రోజుల మాట చెప్పరు. అది చెప్పి తీరాలి. ఎందుకంటే ఆ జబ్బు వేరు, మందు వేరు. దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే ఆ హుషారు హద్దు మీరవచ్చు. వంద ఏళ్ల కిందటే జర్మనీలో ఎమిల్ క్రెపెలిన్ అనే వైద్యుడు రోగుల మంచి రోజులు, చెడ్డ రోజులు, హుషారు రోజులు ఏళ్ల తరబడి పట్టికగా గీసి ఈ జబ్బు తీరు పట్టుకున్నాడు. అట్లాంటివాళ్లు పుస్తకంలో రెండు వైపులా రాయాలి. కుంగిన రోజు కిందికి, హుషారు రోజు పైకి. నిద్ర గంటలు తప్పక రాయాలి. నిద్ర తగ్గడమే చాలామందిలో మొదటి గంట.

కొందరికి నెలసరికి ముందు వారం మాత్రమే బాధ ముదురుతుంది. తేదీలు రాస్తేనే అది బయటపడుతుంది. బాలింతల సంగతి వేరు. కాన్పు అయిన కొద్ది రోజులు ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించాలి. బాలింత ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనబడుతున్నాయన్నా, పుస్తకం, లెక్క ఏమీ చూడకూడదు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

ఈ లెక్క అందరికీ పడదు కూడా. కొందరికి రాసేకొద్దీ దిగులు పెరుగుతుంది. గంటకోసారి "ఇప్పుడు ఎంత?" అని కొలుచుకుంటూ కూర్చుంటారు. అట్లాంటివాళ్లు వారానికి ఒక్కసారి రాస్తే చాలు. లేదా ఆశా వదినకు నోటితో చెబితే ఆమే రాసుకుంటుంది.

పుస్తకం ఎవరి చేతుల్లో పడుతుందో అని భయం ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. పెద్దకోడలు తన పుస్తకం ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. ఒకసారి అత్త చూసింది. "రోలు 7, జడ టిక్కు. ఇదేం లెక్కే?" అంది. "పిండి రుబ్బే లెక్క" అంది పెద్దకోడలు. సొంత గుర్తులతో ఈ మేలు కూడా ఉంది. ఆసుపత్రిలో చెప్పిన మాట బయటికి పొక్కకూడదని 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఇంట్లో మాత్రం ట్రంకు పెట్టే గతి.

మూడో నెల

మూడో నెలలో తొమ్మిది ప్రశ్నల అంకె 6కి వచ్చింది. రోలు 3. శనివారం మాత్రం 6. మెలకువ అయిదింటికి. అయిదింటికి ఎట్లాగూ లేవాలి.

"ఇక మాత్రలు ఆపెయ్యొచ్చా అండీ?" అని అడిగింది పెద్దకోడలు.

"అప్పుడే కాదమ్మా" అంది డాక్టరమ్మ. "పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వేసుకోవాలి. ఆపేటప్పుడు కూడా ఒక్కసారి ఆపకూడదు. మెల్లగా తగ్గిస్తాను. ముందే ఆపితే జబ్బు తిరగబెడుతుంది." పుస్తకం గురించి కూడా చెప్పింది. రోజూ రాయనక్కర్లేదు. ఆదివారం ఒక్కరోజు రాస్తే చాలు. కానీ మెలకువ మళ్లీ మూడింటికి దిగి, వారం రోజులు అట్లాగే ఉంటే నెల తేదీ కోసం ఆగొద్దు. అది ఆమె సొంత గంట. ముందు ఏది చెడిందో, మళ్లీ చెడేటప్పుడు చాలామందిలో అదే ముందు చెడుతుంది. మూడు నెలల పుస్తకం ఉంటే ఆ గంట ఏదో తెలుస్తుంది.

పెద్దకోడలు ఇప్పుడు ఆదివారమే రాస్తోంది. జడ టిక్కు మాత్రం నోటు పుస్తకంలోంచి వంటింటి క్యాలెండరు మీదికి వచ్చింది. పాల గీత పక్కనే ఉంటుంది. అది ఆమె పెట్టడం లేదు, చిన్నది పెడుతోంది. పొద్దున్నే రిబ్బను, పెన్సిలు రెండూ పట్టుకుని వచ్చి తల్లి ముందు చతికిలబడుతుంది.